చిన్న గ్రాంటుకు పెద్ద గ్రాంటు షరతులు వద్దు

వైద్య పరిశోధనలకు నిధులు సమకూర్చే సంస్థల అధిపతులకు, వాటి పాలకమండళ్ల సభ్యులకు, దరఖాస్తులను పరిశీలించే నిపుణుల సంఘాలకు బహిరంగ లేఖ

విషయం: తొలిదశ క్లినికల్, ట్రాన్స్‌లేషనల్ (ప్రయోగశాలలో తేలినదాన్ని రోగుల దాకా తెచ్చే) పరిశోధనలకు ఇచ్చే పైలట్ గ్రాంట్ల నిబంధనలను సవరించవలసిందిగా విజ్ఞప్తి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. బోధనాసుపత్రుల్లో రోగులను చూస్తూ, ఆ పని మధ్యలోనే పరిశోధన కూడా చేసుకునే వైద్యులం, రీసెర్చ్ నర్సులం, ట్రయల్ కోఆర్డినేటర్లం, స్టాటిస్టీషియన్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇదే విషయాన్ని మా సంస్థల పరిశోధన విభాగాల ద్వారా ఇదివరకే మీకు రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. సూచనలు పరిశీలనలో ఉన్నాయన్న ఒక్క వాక్యం తప్ప జవాబు రాలేదు. ఆ తర్వాత వెలువడిన గ్రాంటు ప్రకటనలో నిబంధనలు తగ్గకపోగా, నింపవలసిన అనుబంధాలు మరికొన్ని చేరాయి. అందువల్ల అందరికీ తెలిసేలా రాయక తప్పలేదు.

తొలిదశ పరిశోధనల కోసం విడిగా చిన్న మొత్తాలు, అంటే పైలట్ గ్రాంట్లు, కేటాయించాలన్న ఆలోచన మీది. అది మంచి ఆలోచన, అందుకు మాకు కృతజ్ఞత ఉంది. డబ్బు చాలడం లేదని మేం ఫిర్యాదు చేయడం లేదు. ఇచ్చే మొత్తం చిన్నదే అయినా, అడిగే కాగితాలు, పెట్టే షరతులు, ఆశించే ఫలితాలు మాత్రం అయిదేళ్ల భారీ ట్రయల్‌కు పెట్టేవే ఉంటున్నాయని మా ఫిర్యాదు. దీనివల్ల ఏ పని కోసం ఈ గ్రాంటు పెట్టారో ఆ పనే జరగకుండా పోతోంది, ఆ నష్టం చివరికి రోగుల మీద పడుతోంది.

ఒక కొత్త చికిత్సను వందలాది మంది మీద పరీక్షించే ముందు తేల్చుకోవలసినవి చాలా ఉంటాయి. వాటిలో సగానికి సగం పైకి శాస్త్రానికి సంబంధించినవిగానే కనిపించవు. ఈ జబ్బుతో వచ్చేవారిలో ఎందరు అధ్యయనంలో చేరడానికి అర్హులు, అర్హుల్లో ఎందరు ఒప్పుకుంటారు, ఒప్పుకున్నవారిలో ఎందరు ఆరు నెలల తర్వాత కూడా పరీక్షలకు వస్తారు, తీసిన రక్తం చెప్పిన గడువులోపు ఫ్రీజర్‌కు చేరుతుందా, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు ఆ ప్రొటోకాల్ పాటించే తీరిక ఉంటుందా, ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన పరీక్ష వార్డు నుంచి వచ్చిన నమూనా మీద కూడా అలాగే పనిచేస్తుందా అన్నవి ఆ ప్రశ్నలు. వీటికి జవాబు పుస్తకాల్లో దొరకదు, కొద్దిమంది రోగులతో కొన్ని నెలలు చేసి చూస్తేనే తెలుస్తుంది. క్లినికల్ ట్రయల్స్ నివేదికలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలకు 2016లో పైలట్, ఫీజిబిలిటీ ట్రయల్స్ కోసం ప్రత్యేకంగా ఒక అనుబంధం చేర్చారు. పైలట్ అధ్యయనం లక్ష్యం ఆచరణ సాధ్యాసాధ్యాలను తేల్చడమేనని, చికిత్స గుణాన్ని నిరూపించడం కాదని అందులో స్పష్టంగానే ఉంది.

ఒక రిజిస్టరు గురించి చెబితే మా మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఓపీ గది బయట కోఆర్డినేటర్ బల్ల మీద స్క్రీనింగ్ రిజిస్టర్ ఉంటుంది. వచ్చిన ప్రతి రోగికీ అందులో ఒక వరుస: వయసు, జబ్బు, అర్హత ఉందా లేదా, అడిగారా, ఒప్పుకున్నారా. చిట్టచివరి గడి పేరు ‘ఒప్పుకోకపోతే కారణం’. మాలో కొందరు పనిచేసిన ఒక అధ్యయనంలో ఆ గడి నిండా దాదాపు ఒకటే మాట: ‘మంగళవారం రాలేను’. పరీక్షల గది మాకు దొరికింది మంగళవారమే. ఆ రోజు పని మానుకుంటే జీతం పోతుందని కొందరు, వెంట వచ్చే మనిషి దొరకడని కొందరు చెప్పారు. మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు దీనితో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ గడి చూసుకోకుండా పెద్ద ట్రయల్‌కు దిగి ఉంటే, అది మందు దాకా రాకముందే ఆగిపోయి ఉండేది. పైలట్ గ్రాంటుతో మాకు దక్కేది ప్రధానంగా ఇలాంటి సమాచారమే.

కొద్దిమందితో చేసే అధ్యయనాల వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారు మీ సంఘాల్లోనూ ఉన్నారని మాకు తెలుసు. 1968లో ఢాకాలోని కలరా పరిశోధన ప్రయోగశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ నోటి ద్వారా ఇచ్చే చక్కెర, ఉప్పు ద్రావణాన్ని కలరా రోగుల మీద పరీక్షించినప్పుడు ఆ అధ్యయనంలో ఉన్నది 29 మంది. మూడేళ్ల తర్వాత, 1971లో, పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ అదే పద్ధతిని వేలాది మందికి వాడగలిగారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నోటి ద్రావణం తీసుకున్నవారిలో 4 శాతం లోపుకు దిగాయి. 29 మందితో చేసిన పనే మహలనబిస్ గారి నిర్ణయానికి ఆధారమంతా అని మేం అనడం లేదు. ఆ చిన్న అధ్యయనం వంటివి అప్పటికే జరిగి ఉండకపోతే, శిబిరంలో చేతులు ముడుచుకుని నిలబడవలసి వచ్చేది.

ఇక మేం గమనించిన లోపాలను, వాటివల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్ని వరుసగా మీ ముందుంచుతున్నాం.

1. తొలి ఆధారాల కోసం ఇచ్చే గ్రాంటుకు తొలి ఆధారాలు అడుగుతున్నారు. మీ ప్రకటనల్లో ‘నూతన ఆలోచనలకు ప్రోత్సాహం’ అని ఉంటుంది, దరఖాస్తులో మాత్రం ‘ప్రాథమిక ఫలితాలు జతచేయండి’ అన్న గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలిన దరఖాస్తుకు ఎన్ని మార్కులు పడతాయో మాలో పరిశీలకులుగా కూర్చున్నవారికి బాగా తెలుసు. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్‌ఐహెచ్, ఇచ్చే ఆర్‌21 అనే తొలిదశ పరిశోధనల గ్రాంటుకు ప్రాథమిక ఫలితాలు తప్పనిసరి కాదని నిబంధనల్లోనే రాసుకున్నాయి. నిబంధన రాసినంత మాత్రాన పరిశీలకుల అలవాటు మారదు, అది వేరే సంగతి. కనీసం రాసి ఉంటే నిలదీయడానికి ఒక ఆధారం ఉంటుంది. మీ నిబంధనల్లో అదీ లేదు.

తర్వాత ఇన్సులిన్‌ను కనుగొన్న ఫ్రెడరిక్ బాంటింగ్ 1920లో టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్లి ప్రొఫెసర్ మెక్లాయిడ్‌ను సాయం అడిగినప్పుడు బాంటింగ్ చేతిలో ఒక ఆలోచన తప్ప ఫలితాలేమీ లేవు. మెక్లాయిడ్‌కు పూర్తి నమ్మకమూ కలగలేదు. అయినా ఒక ప్రయోగశాల గది, కొన్ని కుక్కలు, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి సాయం, ఒక వేసవి కాలం ఇచ్చారు. మా దృష్టిలో వైద్య చరిత్రలో అంతకన్నా మంచి పైలట్ గ్రాంటు లేదు. మీ దరఖాస్తు పత్రం బాంటింగ్ ముందు పెడితే రెండో పేజీ దగ్గరే ఆయన పెన్ను ఆగిపోయేది. ప్రాథమిక ఫలితాలు లేనివారికి డబ్బు రాదు, డబ్బు రానివారికి ఫలితాలు ఉండవు. చివరికి పరిశోధన జరిగేది ఇదివరకే డబ్బున్న విషయాల మీద. ఎవరికీ లాభం తెచ్చిపెట్టని జబ్బులతో బాధపడేవారు, పాత చవక మందును కొత్త పనికి వాడవచ్చునేమోనని ఎదురుచూసేవారు, అరుదైన వ్యాధులున్న పిల్లల తల్లిదండ్రులు ఆ జాబితాలోకి ఎప్పటికీ రారు.

2. దరఖాస్తు భారం ఇచ్చే మొత్తానికి తగ్గట్టు లేదు. ఆస్ట్రేలియాలో 2012లో అక్కడి అతి పెద్ద వైద్య పరిశోధన పథకానికి వచ్చిన 3,727 దరఖాస్తుల మీద జరిగిన అధ్యయనం ఒక్కో దరఖాస్తుకు సగటున 34 పనిదినాలు పట్టాయని, మొత్తం కలిపితే అది సుమారు 550 ఏళ్ల శ్రమ అని లెక్కగట్టింది. వాటిలో గ్రాంటు దక్కినవి అయిదింట ఒకటి. అవి పెద్ద గ్రాంట్లు కాబట్టి ఆ శ్రమకు ఏదో ఒక సమర్థన ఉందనుకున్నా, ఏడాదిలో ముగిసే చిన్న అధ్యయనానికి అయిదేళ్ల బడ్జెట్ పట్టికలు, వాణిజ్యీకరణ ప్రణాళిక, డేటా నిర్వహణ ప్రణాళిక, సంస్థాగత సామర్థ్య ధ్రువీకరణ ఎందుకో మాకు బోధపడలేదు. మాలో చాలామందికి దరఖాస్తు రాసే ఘడియలు ఓపీ నుంచి, వార్డు రౌండ్ల నుంచి, నిద్ర నుంచి తీసుకున్నవే. ఇందులో మొదటి రెండూ రోగుల వాటాలోవి.

3. డబ్బు రావలసినప్పుడు రాదు. మీరు ఎథిక్స్ కమిటీ (రోగుల మీద చేసే పరిశోధన నైతికంగా సరైనదా అని చూసే సంఘం) అనుమతి చూపిస్తేనే నిధులు విడుదల చేస్తామంటారు, నిధులు ఖాయమైనట్టు పత్రం చూపిస్తేనే అజెండాలో చేరుస్తామని కొన్ని ఎథిక్స్ కమిటీలు అంటాయి. ఈ రెండింటి మధ్య నెలలు గడుస్తాయి. తీరా డబ్బు చేతికి అందేసరికి ఆర్థిక సంవత్సరం చివర కొద్ది వారాలు మిగులుతాయి, మిగిలిన మొత్తం వెనక్కి ఇవ్వాలన్న షరతు ఉంటుంది. అప్పుడు రోగులను చేర్చుకునే వ్యవధి లేక, రియేజెంట్లు (పరీక్షలకు వాడే రసాయనాలు) కొని అల్మరాలో పెట్టుకుంటాం, వాటి గడువు మరుసటి ఏడాది అక్కడే తీరిపోతుంది. ఒక రుతువులోనే వచ్చే జ్వరాల మీద పని చేసేవారికి ఇది మరీ కష్టం. మంజూరు ఉత్తరం వచ్చేసరికి ఆ రుతువే దాటిపోతుంది.

త్వరగా ఇవ్వడం సాధ్యం కాదన్న వాదన కోవిడ్ తర్వాత చెల్లదు. 2020లో మొదలైన ఫాస్ట్ గ్రాంట్స్ అనే ప్రైవేటు కార్యక్రమం అరగంటలో నింపగల దరఖాస్తు పెట్టి, తొలి విడతలో 48 గంటల్లో నిర్ణయం చెబుతామని ప్రకటించి నిధులిచ్చింది. ఆ మొత్తాలు 10 వేల డాలర్ల నుంచి 5 లక్షల డాలర్ల వరకు ఉండేవి. మేం 48 గంటలు అడగడం లేదు.

4. వస్తువులకు డబ్బు ఉంటుంది, మనుషులకు ఉండదు. సెంట్రిఫ్యూజ్ (నమూనాలను వేగంగా తిప్పి వేరుచేసే యంత్రం) కొనడానికి అభ్యంతరం చెప్పని నిబంధనలే కోఆర్డినేటర్‌కు సగం జీతం ఇవ్వడానికి, స్టాటిస్టీషియన్ సమయానికి, రోగుల రవాణా ఖర్చుకు అభ్యంతరం చెబుతాయి. పైలట్ అధ్యయనంలో అసలు పని చేసేది సెంట్రిఫ్యూజ్ కాదు. సమ్మతి పత్రం చదివి వినిపించేది, రోగి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేది, రాని రోగికి ఫోన్ చేసేది, రిజిస్టరు నింపేది మనిషి. ఆ మనిషి జీతానికి డబ్బు లేకపోతే ఆ పని పీజీ విద్యార్థి మీద పడుతుంది, అతను పరీక్షలకు సెలవు పెట్టగానే వరుసలు ఖాళీగా మిగులుతాయి.

రోగుల సంగతి ఇంతకన్నా విచారకరం. అధ్యయనం కోసం అదనంగా రప్పించిన ప్రతిసారీ రానుపోను ఖర్చు, ఆ రోజు పోయిన సంపాదన, తోడు వచ్చినవారి సంపాదన అన్నీ రోగే భరిస్తున్నాడు. అందుకు పరిహారం ఇస్తే ప్రలోభపెట్టినట్టు అవుతుందన్న జవాబు మాకు కొన్నిసార్లు వచ్చింది. అయిన ఖర్చు తిరిగి ఇవ్వడానికీ, డబ్బు ఆశ చూపి చేర్చుకోవడానికీ ఉన్న తేడా మీ ఎథిక్స్ సలహాదారులకు తెలియనిది కాదు. ఖర్చు ఇవ్వకపోతే దూరం నుంచి వచ్చేవారు, రోజువారీ సంపాదన మీద బతికేవారు అధ్యయనంలోంచి తప్పుకుంటారు. మిగిలినవారి మీద తేలిన ఫలితాన్ని తర్వాత అందరికీ వర్తింపజేస్తాం. జబ్బు ఎక్కువగా ఎవరికి వస్తుందో వారే లేని లెక్క అది.

5. జవాబు ‘కాదు’ అని రాకూడదని మీరు కోరుకుంటున్నారు. ఇది అన్నిటికన్నా హానికరమైనదని మా అభిప్రాయం, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. గ్రాంటు ముగిశాక మీరు పంపే నివేదిక నమూనాలో మూడు ప్రశ్నలు ముఖ్యంగా ఉంటాయి: చికిత్స ప్రభావం ఎంత, ప్రచురణలు ఎన్ని, తదుపరి పెద్ద గ్రాంటు వచ్చిందా. ‘ఈ పద్ధతిలో పెద్ద ట్రయల్ చేయడం సాధ్యం కాదని తేలింది’ అని రాసుకోవడానికి ఆ నమూనాలో గడి లేదు. అలా రాసినవారికి మళ్లీ గ్రాంటు వచ్చిన దాఖలా మాలో ఎవరికీ తెలియదు.

ముప్ఫై మందితో చేసిన అధ్యయనంలో చికిత్స ప్రభావం ఎంత అని అడగడమే పొరపాటు. అంత చిన్న సంఖ్యలో వచ్చే అంచనా ఎటైనా ఊగుతుంది. ఉదాహరణకు 30 మందిలో 24 మంది చివరిదాకా కొనసాగారనుకుందాం. అది 80 శాతం. కానీ 95 శాతం విశ్వాస అవధి లెక్కగడితే అసలు సంఖ్య 61 నుంచి 92 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అలాగే 30 మందిలో ఒక్కరికీ తీవ్రమైన దుష్ప్రభావం కనిపించలేదంటే ఆ మందు సురక్షితమని అర్థం కాదు. ఆ దుష్ప్రభావం ప్రతి పది మందిలో ఒకరికి వచ్చేదైనా సరే, ముప్ఫై మందిలో ఎవరికీ రాకపోవడం అంత అసాధ్యమేమీ కాదు. ఈ లెక్కలు మీ పరిశీలకులకు తెలుసు. తెలిసీ ప్రభావం ఎంతని అడిగితే, పరిశోధకులు అందంగా కనిపించే సంఖ్యనే ఏరుకుంటారు, పొంగిన ఆ సంఖ్య ఆధారంగా పెద్ద ట్రయల్‌కు కావలసిన రోగుల సంఖ్యను తక్కువగా లెక్కగడతారు, చివరికి ఆ పెద్ద ట్రయల్ ఏదీ తేల్చలేక ముగుస్తుంది.

ఇక సాధ్యాసాధ్యాలు చూసుకోకుండా దిగిన ట్రయల్స్ ఏమవుతున్నాయో చూడండి. స్విట్జర్లాండ్, జర్మనీ, కెనడాల్లోని ఆరు ఎథిక్స్ కమిటీలు 2000 నుంచి 2003 మధ్య ఆమోదించిన 1,017 ర్యాండమైజ్డ్ (ఎవరికి ఏ చికిత్సో యాదృచ్ఛికంగా నిర్ణయించే) ట్రయల్స్‌ను తర్వాత ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు 2014లో ‘జామా’ పత్రికలో ఫలితాలు వెలువరించారు. వాటిలో 253, అంటే దాదాపు నాలుగింట ఒకటి, మధ్యలోనే ఆగిపోయాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం రోగులు అనుకున్నంతమంది చేరకపోవడం. ఆగిపోయిన సంగతి ఎథిక్స్ కమిటీకి తెలియజేసినవి 38 శాతమే. ఆ ట్రయల్స్‌లో చేరినవారు రక్తం ఇచ్చారు, కొందరు బయాప్సీకి ఒప్పుకున్నారు, తమవల్ల రేపు ఇంకొకరికి మేలు జరుగుతుందని నమ్మి సంతకం పెట్టారు. వారి నమూనాలు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పేర్చి ఉంటాయి, వాటి మీద ఎవరూ పరీక్ష చేయరు, పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. పైలట్ దశలోనే ‘ఇది కుదరదు’ అని నిర్భయంగా చెప్పే వీలుండి ఉంటే వీటిలో అన్నీ కాకపోయినా చాలా వరకు మొదలయ్యేవే కావు.

ఇన్సులిన్ సంగతే మళ్లీ చూడండి. 1922 జనవరి 11న మధుమేహంతో బాధపడుతున్న 14 ఏళ్ల లెనార్డ్ థామ్సన్‌కు ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ సరిగా పనిచేయలేదు. రక్తంలో చక్కెర తగినంత తగ్గలేదు, సూది గుచ్చిన చోట గడ్డ లేచింది, చికిత్స ఆపేశారు. అదే బృందంలోని జేమ్స్ కాలిప్ ఆ ఇన్సులిన్ సారాన్ని మరింత శుద్ధి చేశాక జనవరి 23న ఇచ్చిన ఇంజెక్షన్ ఫలించింది. మొదటి ఇంజెక్షన్ తర్వాత మీ ముగింపు నివేదిక పంపవలసి వచ్చి ఉంటే, ‘ప్రభావం: లేదు, తదుపరి గ్రాంటు: లేదు’ అని రాయవలసి వచ్చేది.

వైద్య పరిశోధన పెట్టుబడిలో 85 శాతం వరకు, నివారించగలిగిన కారణాల వల్లే వృథా అవుతోందని 2009లో ఇయాన్ చామర్స్, పాల్ గ్లాస్జియో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో అంచనా వేశారు. ఆ సంఖ్యతో విభేదించేవారు ఉండవచ్చు. ఫలితం అనుకూలంగా రాలేదని ప్రచురించకుండా వదిలేసిన పరిశోధన వృథా అన్న సంగతితో మాత్రం ఎవరూ విభేదించలేరు.

6. గ్రాంట్లు ఎప్పుడూ అవే చేతుల్లోకి వెళుతున్నాయి. పేరున్న సంస్థ, పేరున్న మార్గదర్శి ఉంటే దరఖాస్తు సగం గెలిచినట్టే. మీరు దురుద్దేశంతో చేస్తున్నారని మేం అనడం లేదు. ఒకే స్థాయి దరఖాస్తులు ఇరవై ఉన్నప్పుడు తెలిసిన పేరు వైపు మొగ్గడం మనిషి సహజం. కానీ రోగులు ఎక్కువగా వచ్చేది, జబ్బు మొదటగా కనిపించేది పేరు లేని ఆసుపత్రుల్లోనే.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఒకటి న్యాయమైనదే కాబట్టి దాన్ని దాటవేయం. చిన్న మొత్తాలు అనేకమందికి పంచితే, దేనికీ చాలని బలహీన అధ్యయనాలు పుట్టుకొస్తాయని, ‘పైలట్’ అన్న పేరు తగిలించుకుని అసలు ట్రయల్ చేయలేనివారు తప్పించుకుంటారని మీరు అంటారు. ఇది జరుగుతోంది, మాలోనూ అలా చేసినవారు ఉన్నారు. దీనికి మందు షరతులు పెంచడం కాదు, ప్రశ్నను సరిగా అడగడం. ‘ఏ జవాబు వస్తే ముందుకు వెళతారు, ఏ జవాబు వస్తే మార్చుకుంటారు, ఏ జవాబు వస్తే ఆపేస్తారు’ అని దరఖాస్తులోనే అంకెలతో సహా రాయించండి. నెలకు ఎందరు చేరితే ట్రయల్ సాధ్యమో, ఎందరికన్నా తగ్గితే అసాధ్యమో ముందే రాయలేని దరఖాస్తును నిస్సంకోచంగా తిరస్కరించండి. అందుకు మేం నొచ్చుకోం.

పై కారణాల దృష్ట్యా మేం కోరుతున్నవి ఇవి:

(అ) పైలట్ గ్రాంటు దరఖాస్తు నాలుగు పేజీలకు మించకూడదు: ప్రశ్న, పద్ధతి, ముందుకు వెళ్లడానికీ ఆపడానికీ ప్రమాణాలు, బడ్జెట్. మిగిలిన అనుబంధాలన్నీ ఎంపికైనవారి నుంచి మాత్రమే తీసుకోవాలి.

(ఆ) ప్రాథమిక ఫలితాలు అవసరం లేదని ప్రకటనలో రాయడంతో ఆగకుండా, వాటికి మార్కులు వేసే గడిని పరిశీలకుల పత్రం నుంచి తొలగించాలి.

(ఇ) దరఖాస్తు గడువు ముగిసిన 60 రోజుల్లోపు నిర్ణయం తెలపాలి. ఎథిక్స్ అనుమతికి లోబడి అన్న షరతుతో మంజూరు పత్రం ముందే ఇవ్వాలి, డబ్బు విడుదల అనుమతి తర్వాత చేయవచ్చు. గ్రాంటు కాలం డబ్బు ఖాతాలో పడిన రోజు నుంచి లెక్కించాలి, ఆర్థిక సంవత్సరంతో ముడిపెట్టకూడదు.

(ఈ) కోఆర్డినేటర్, రీసెర్చ్ నర్సు, స్టాటిస్టీషియన్ సమయానికి అయ్యే ఖర్చును అనుమతించాలి. రోగికీ తోడు వచ్చినవారికీ అయిన ఖర్చు తిరిగి చెల్లించడం ఐచ్ఛికంగా కాక, ప్రతి బడ్జెట్‌లో తప్పనిసరి పద్దుగా ఉండాలి. ఈ జాబితాలో ఒక్కటే ఒప్పుకోగలమని మీరంటే, ఇదే ఒప్పుకోండి.

(ఉ) ముగింపు నివేదికలో చికిత్స ప్రభావం గురించిన ప్రశ్న తీసివేసి, అర్హులెందరు, ఒప్పుకున్నదెందరు, మిగిలినదెందరు, నిరాకరణకు కారణాలేమిటి, ముందే రాసుకున్న ప్రమాణాల ప్రకారం నిర్ణయమేమిటి అని అడగాలి. ఆపేయాలన్న నిర్ణయాన్ని విజయవంతంగా ముగిసిన గ్రాంటుగానే నమోదు చేయాలి. అనుకూలమో ప్రతికూలమో చూడకుండా ప్రతి నివేదికనూ ఏడాదిలోపు ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలి. అధ్యయనంలో పాల్గొన్నవారికి వారికి అర్థమయ్యే భాషలో ఒక పేజీ సారాంశం పంపాలి.

(ఊ) కనీస ప్రమాణాలు అందుకున్న దరఖాస్తుల సంఖ్య నిధులకు మించినప్పుడు, వాటి మధ్య లాటరీ తీయాలి. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి తన ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లకు 2013 నుంచి ఈ పద్ధతి పాటించింది. దరఖాస్తుదారుల పేర్లు పరిశీలకులకు తెలియకుండా ఉంచి, అర్హమైనవాటిలోంచి యాదృచ్ఛికంగా ఎంపిక చేసింది. లాటరీ అనగానే ఇదేం పద్ధతని మీలో కొందరికి అనిపించవచ్చు. రోగికి కొత్త మందు ఇవ్వాలా పాత మందు ఇవ్వాలా అన్నది తేల్చేటప్పుడు యాదృచ్ఛిక ఎంపికే అన్నిటికన్నా నిష్పాక్షికమని మనమే రోగులకు వివరించి సంతకం తీసుకుంటాం.

(ఋ) పైలట్ గ్రాంట్ల నిబంధనలు తయారు చేసే సంఘంలో కనీసం ఇద్దరు రోగుల ప్రతినిధులు, ఒక ట్రయల్ కోఆర్డినేటర్ ఓటు హక్కుతో ఉండాలి.

పై ఏడు అంశాల్లో దేన్ని ఒప్పుకుంటున్నారు, దేన్ని ఒప్పుకోవడం లేదు, ఎందుకు అన్నది అంశాలవారీగా, రాతపూర్వకంగా, మీ తదుపరి గ్రాంటు ప్రకటన వెలువడేలోపు తెలియజేయాలని కోరుతున్నాం. మీ జవాబును యథాతథంగా ఈ లేఖతో పాటు ప్రచురిస్తాం. ఈ లేఖకు సమ్మతించినవారిలో చాలామంది మీ దరఖాస్తులను ఎలాంటి పారితోషికం లేకుండా పరిశీలిస్తున్నవారే. జవాబు రానిపక్షంలో తదుపరి విడతలో ఆ బాధ్యత స్వీకరించబోమని వారు మీకు విడివిడిగా ఉత్తరాలు రాస్తారు.

ఇట్లు,
భవదీయులు,
బోధనాసుపత్రుల్లో తొలిదశ క్లినికల్ పరిశోధన చేస్తున్న వైద్యులు, రీసెర్చ్ నర్సులు, ట్రయల్ కోఆర్డినేటర్లు, స్టాటిస్టీషియన్లు